వెన్నెల తగిలిన విత్తనం

మొన్న పున్నమికి రెండు రోజుల ముందు మా అపార్టుమెంటులో మూడో అంతస్తు అమ్మాయి సెల్లు పట్టుకుని పరుగున వచ్చింది. ఇంకో చేతిలో గరిటె ఉంది. పొయ్యి మీద తాలింపు అట్లే వదిలేసి వచ్చిందని వాసనే చెబుతోంది.

"టీచరమ్మా, ఈసారి చంద్రుడు శానా దగ్గరికి వస్తాండాడంట. సూపర్ మూన్ అంట. భూమి అదురుతాదంట, సముద్రాలు పొంగుతాయంట. వండిన అన్నం మింద ఆ వెన్నెల పడకూడదంట. నిజమేనా?"

సెల్లు తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చదివాను. చివర్లో ఇది పదిమందికి పంపమని ఉంది. పంపకపోతే ఏమవుతుందో కూడా ఉంది.

"ఏమీ కాదు పోమ్మా. పిల్లోళ్ళను మిద్దె మీదికి తీసుకుపోయి చూపించు, బాగుంటుంది" అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. ప్రళయం తప్పిపోయిందంటే మనుషులకు ఎందుకో కొంచెం నిరాశగానే ఉంటుంది. సరేనని తలూపి, ఇంకెవరినైనా అడుగుదామని మెట్లు దిగి పోయింది.

నేను నవ్వుకోవచ్చు. ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, ఆ మాత్రం హక్కు ఉంది. కానీ నవ్వు రాలేదు. ఇట్లాంటి పుకారునే ఒకదాన్ని పుట్టించి ఊరి మీదికి తోలినదాన్ని నేనే. అప్పటికి నాకు పదకొండేళ్ళు.

మా ఊరు వేంపల్లెకు ఎడ్లబండి దూరం. ఎర్రనేల, వాన మీద సేద్యం. ఎండాకాలం చివరికొచ్చేసరికి బావిలో బొక్కెన మునగాలంటే చేంతాడుకు ఇంకో రెండు బారలు ముడి వేయాల్సిందే. ఇళ్ళన్నీ మట్టి మిద్దెలు, ముందర బండలు పరిచిన వసారా. ఆ బండల మీద మధ్యాహ్నం కాలు పెడితే చుర్రుమనేది, సాయంత్రం నీళ్ళు చల్లితే కమ్మటి వాసన వచ్చేది. ఆ నీళ్ళు చల్లడానికి కూడా మా జేజి చెంబుతో కొలిచినట్టు చల్లేది. జేజి అంటే మా నాయనను కన్న తల్లి. మా ఇంట్లో ఆమె మాటకు ఎదురుమాట లేదు.

మా ఇంట్లో ఒక చిన్న గది ఉండేది. కిటికీ లేదు, తలుపు పొట్టిది. దాంట్లో వచ్చే కార్తెకు విత్తాల్సిన వేరుశనగ కాయలు గోనె సంచుల్లో ఉండేవి. గోనె వాసన, ఎండిన వేపాకు వాసన, బూడిద వాసన కలిసి ఆ తలుపు సందులోంచి వచ్చేవి. విత్తనం కాయను వానకు ముందుగా ఒలవరు. ఒలిచి పెడితే గింజలో జీవం పోతుంది. నేల పదునయ్యే వాన పడినాకే ఆడవాళ్ళంతా గుంపుగా కూర్చుని, ఇల్లిల్లూ తిరిగి ఒలుచుకునేవాళ్ళు. అప్పటిదాకా ఆ గది తాళంచెవి జేజి నడుము దగ్గర, రొంటిలోనే. నిద్రలో పక్కకు తిరిగినా ఆమె చెయ్యి అక్కడే ఉండేది.

నాకేమో ఆ కాయల మీదే కన్ను. వానలకు ముందు నెలల్లో తినడానికి ఊళ్ళో ఏమీ ఉండదు. పొద్దున సంగటి, రాత్రి సంగటి, నడిమధ్య ఊరగాయ అడుగూ బొడుగూ. పంట వచ్చిన కొత్తల్లో అమ్మ వేరుశనగ గింజలు వేయించి, పొట్టు చెరిగి, బెల్లం పాకంలో ఉండలు కట్టేది. వాటిని మేము ఉంటలంటాం. ఆ ఉంటలు కొరికినప్పుడు పళ్ళకు అంటుకునే బెల్లం గురించి ఆ ఎండల్లో తలుచుకుంటూ నేను పిచ్చిదాన్నయ్యేదాన్ని. "జేజీ, దోసెడంటే దోసెడు" అని ఎన్నిసార్లు అడిగానో లెక్క లేదు.

"ఇత్తనం తినేది, ఎద్దును కోసుకు తినేది ఒకటేమే. పో, పోయి ఆడుకో" అనేది జేజి.

ఆడుకోవడానికి నాకు ఎదురింటి పిల్ల ఉంది. నా ఈడుదే. వాళ్ళమ్మను నేను పెద్దమ్మా అనేదాన్ని. భర్త పోయి నాలుగేళ్ళు. ఎకరన్నర చేను, ఒక మేక, ఈ పిల్ల, అంతే ఆమెకు ఉన్నది. మా ఎద్దులతోనే ఆమె చేను కూడా దున్నేవాళ్ళు, బదులుగా ఆమె మా చేలో కలుపు తీసేది. వాళ్ళింట్లో గది లేదు కాబట్టి విత్తనం సంచులు మూడు, పడుకునే చోట తలాపునే ఉండేవి. నా స్నేహితురాలు మా ఇంటికి వచ్చినప్పుడు అమ్మ సంగటి పెట్టబోతే "ఆకిలి కాలేదు చిన్నమ్మా" అని చెప్పి, రెండోసారి అంటే కూర్చునేది. ఆ పిల్లకు సిగ్గు ఎక్కువ అనుకునేదాన్ని.

వేసవి సెలవులు ఇంకా అయిపోలేదు. పొద్దుటి బస్సులో శెట్టి తాత అంగడికి పేపరు వచ్చేది. ఊరంతటికీ అదొక్కటే. ఆ వారం శెట్టి తాత కళ్ళజోడు కాడ విరిగి, బాగు చేయడానికి వేంపల్లె పోయి అక్కడే ఉండిపోయింది. అందుకని పేపరు చదివే పని నాకు వచ్చింది. చదివితే దోసెడు బొరుగులు, ఆయన మనసు బాగుంటే చిటికెడు పుట్నాలు. నేను గొంతు సవరించుకుని, పంతులు మాదిరి నిలబడి చదివేదాన్ని. అంగడికి నూనెకు, ఉప్పుకు వచ్చిన ఆడవాళ్ళు కాసేపు నిలబడి వినేవాళ్ళు.

ఆ రోజు పేపర్లో ఒక మూల చంద్రుడి బొమ్మ ఉంది. వచ్చే పున్నమికి చంద్రుడు భూమికి మామూలుకన్నా బాగా దగ్గరగా వస్తాడని, పెద్దగా కనపడతాడని రాశారు. దాని కింద, సముద్రాలు పొంగుతాయని, భూమి కంపిస్తుందని కొన్నిచోట్ల జనం భయపడుతున్నారని ఉంది. అక్కడి దాకా చదివి తలెత్తాను.

ఎవరూ కదలడం లేదు. శెట్టి తాత చేతిలో నూనె కొలిచే గరిటె అట్లాగే ఆగింది. అంతమంది పెద్దవాళ్ళు నా నోటి వైపు ఊపిరి బిగబట్టి చూడటం నా జన్మలో అదే మొదటిసారి. ఆ రుచి ముందు బొరుగులు ఎంత.

దాని కింద ఇంకా నాలుగు వరుసలు ఉన్నాయి. ఇవన్నీ ఉత్త పుకార్లేనని, చంద్రుడు ఇట్లా దగ్గరికి రావడం మామూలేనని, ఏ ప్రమాదమూ లేదని ఉంది. నేను చూడలేదని అబద్ధమాడను. చూశాను. చూసి, ఆ వరుసల మీద బొటనవేలు పెట్టాను. కాసేపు ఆగి, లేని వరుస ఒకటి చదివాను.

"ఆ పున్నమి వెన్నెల ఊరి మీద పడితే, ఇంట్లో దాచిన విత్తనం కూడా చచ్చిపోతుంది. మళ్ళీ మొలవదు."

నా లెక్క ఒకటే. మొలవని విత్తనాన్ని జేజి ఏం చేసుకుంటుంది? గది తలుపు తీస్తుంది. అమ్మ బాణలి పెడుతుంది. అంతకుమించి నాకు ఇంకే ఆలోచనా లేదు.

ఆ మాట నా నోటి నుంచి ఊరి చివరకు పోవడానికి ఎంత సేపు పట్టిందో తెలీదు కానీ, నేను బొరుగులు తింటూ ఇంటికి వచ్చేసరికి నాకంటే ముందే వచ్చి మా వసారాలో కూర్చుని ఉంది. చదవడం వచ్చినవాళ్ళు ఊళ్ళో మరో నలుగురైదుగురు లేకపోలేదు. ఒకసారి విన్నదాన్ని మళ్ళీ చదివి చూడాలని ఎవరికీ తోచలేదు. పేపర్లో పడింది, అంతే. సాయంత్రానికి నేను చెప్పనివి కూడా దానికి చేరాయి. గొడ్లకు చూలు నిలవదన్నారు. ఆ చంద్రుణ్ణి చూసిన పసిపిల్లలకు మాట రాదన్నారు. మా ఊరి పెద్దాయన ఒకాయన, కడప దాకా సముద్రం వస్తుందని, అది కొండను కొట్టుకుని ఇటు తిరుగుతుందని చేత్తో దారి గీసి చూపించాడు.

"రానీ అన్నా, మంచిదే గదా" అంది జేజి. "వచ్చేటప్పుడు మన బాయిలో నాలుగు కడవలు పోసి పొమ్మను."

"నవ్వులాట కాదు సెల్లెమ్మా. నిప్పు లేందే పొగ వస్తాదా? అచ్చులో పడింది."

"అచ్చులో పడితే? ఒంటిమిట్టలో రాములోరి పెండ్లి యా పొద్దు చేస్తారు? పున్నమి వెన్నెట్లో చేస్తారు, చంద్రుడు చూడల్లని. రాములోరి పెండ్లికి పనికొచ్చిన వెన్నెల మన ఇత్తనాలకు పనికిరాకుండా పోతాదా?"

పెద్దాయన కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. ఆయన నమ్మకం పోలేదు, పెద్దవాళ్ళది అట్లాగే ఉంటుంది. మా నాయన మాత్రం అటూ ఇటూ కాకుండా ఉన్నాడు. "ఎందుకైనా మంచిదిమా, సగం ఒలిచి గానుగకన్నా పంపిద్దామా? నూనెన్నా దక్కుతాది" అన్నాడు మెల్లగా. జేజి ఆయన వైపు చూసింది. నాయన చెప్పులు వేసుకుని బయటికి పోయాడు.

ఆ రాత్రి అన్నాలకు ముందు జేజి గది తలుపు తీసింది. నేను బాణలి కోసం వంటింటి వైపు చూశాను. బాణలికి కాదు, పది కాయలు ఏరింది. పళ్ళెంలో పోసి మిద్దె మీద ఆరుబయట పెట్టమని నా చేతికే ఇచ్చింది.

"చంద్రుడు ఆ పొద్దే ఎగిరి దూకుతాడామే? దినానికింత నడిచే గదా వచ్చేది. పున్నమికి వచ్చి పూర్తిగా సంపేటోడు, ఇప్పటికే సగం దూరం వచ్చింటాడు. సగం ఇత్తనాలన్నా సావల్ల. సూస్తాం."

వరుసగా మూడు రాత్రులు ఆ కాయలు వెన్నెల్లోనే ఉన్నాయి. నాలుగో రోజు వాటిని ఒలిచి, వచ్చిన ఇరవై గింజలను తడిగుడ్డలో మూట కట్టి, పాత మట్టి దుత్తలో పెట్టి మూసింది. ఏ విత్తనమైనా కొత్తగా తెచ్చినప్పుడు ఇట్లా మొలక కట్టి చూడటం మా వైపు అలవాటే. చంద్రుణ్ణి పరీక్ష పెట్టడం మాత్రం అదే మొదలు.

ఈలోగా ఊళ్ళో టపటపమని కాయలు ఒలిచే చప్పుడు మొదలైంది. అన్ని ఇళ్ళలో కాదు, నాలుగైదు ఇళ్ళలో. కొందరు సగమే ఒలిచారు, అటు ప్రళయానికీ ఇటు వానకూ నష్టం లేకుండా. అన్నిటికన్నా ముందు మొదలైంది మా ఎదురింట్లోనే. శెట్టి తాత అంగట్లో బెల్లం అయిపోయింది. వీధంతా వేరుశనగలు వేయించే వాసన, పాకం వాసన. ఆ వాసనకు నేను కుక్కపిల్లలాగా ఎదురింట్లో దూరాను. పెద్దమ్మ పొయ్యి ముందు కూర్చుని నవ్వుతూ ఉంటలు కడుతోంది. "తినండే, ఎన్ని కావల్లంటే అన్ని తినండి" అంది. ఆమె నవ్వడం నేను చాలా రోజుల తర్వాత చూశాను.

నాలుగు రోజులు తిన్నాం. నేను గబగబా తినేదాన్ని. నా స్నేహితురాలు మెల్లగా నమిలేది. తిన్నన్ని తిని ఒకటి పావడ చెరుగులో ముడి వేసుకునేది. "ఎందుకే, మళ్ళీ పెడుతుంది కదా మీయమ్మ" అంటే నవ్వేది.

పున్నమికి ముందు రోజు పొద్దున వాళ్ళింటికి పోతే దండెం మీద మూడు గోనె సంచులు దులిపి ఆరేసి ఉన్నాయి. ఇంట్లో తలాపున ఏమీ లేదు, నేల మీద సంచులు ఉన్నచోట గుండ్రంగా మూడు మరకలు మాత్రం ఉన్నాయి.

"ఇత్తనాలేవే?"

"తిన్నన్ని తింటిమి, ఈదిలో పంచితిమి. మిగిలినవి మాయమ్మ గానుగకు పంపించేసింది. మొలవని ఇత్తనం ఇంట్లో ఎందుకు అనింది. నూనె వచ్చింది సూడు" అని సీసాలు చూపించింది.

"మరి వాన పడితే చేలో ఏం విత్తుతారు?"

ఆ పిల్ల నా వైపు వింతగా చూసింది. "ఎవురి ఇత్తనమూ మొలవదు గదా. నువ్వే చదివినావు గదా."

నేను ఇంటికి వచ్చి గొడ్ల కొట్టంలో కూర్చున్నాను. వాన పడుతుంది, అందరూ విత్తుతారు, ఎదురింటి చేను మాత్రం బీడుగా ఉంటుంది. వాళ్ళకు వేరే ఆధారం లేదు. ఆ ముక్క నాకు అప్పుడు అర్థమైంది. భయమంటే ఏమిటో కూడా అప్పుడే తెలిసింది. భూమి నిజంగానే రేపు బద్దలైపోతే బాగుండునని, నా అబద్ధం నిజమైపోతుందని కూడా ఒక క్షణం కోరుకున్నాను. ఈ మాట ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

జేజి గొడ్లకు కసువు వేయడానికి వచ్చి నన్ను చూసింది. నేను ఏడుస్తూ అంతా చెప్పేశాను. కొడుతుందనుకున్నాను. ఆమె గాట్లో గడ్డి సర్దుతూనే వింది.

"నాకు అనుమానమే. నువ్వు చదివేటప్పుడు నడిమధ్యన ఆగినావంట. అచ్చులో ఉండేది చదివేటోళ్ళు ఎందుకు ఆగుతారు? అల్లుకునేటోళ్ళు ఆగుతారు" అంది. తర్వాత నా పక్కన కూర్చుంది. "ఏడిస్తే ఇత్తనం తిరిగొస్తాదామే? రాదు. కండ్లు తుడుచుకో. రేపు ఏరువాక. ఎద్దుల కాడికి ఊరంతా వస్తాది. ఆ పేపరు మిగిలింటే ఆడ ఆ నాలుగు వరసలు చదువు. తరవాత ఇల్లిల్లూ పోదాం."

"ఇల్లిల్లూ ఎందుకు జేజీ?"

"అడిగేదానికి."

ఏరువాక పున్నమి మా సీమ రైతులకు పెద్ద పండగ. ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగు పూసి, తొలి కాడి కడతారు. ఆ ఏడు సగం ఊరు ఎద్దులను విప్పలేదు. ప్రళయం వచ్చే రోజు ఎవడు కాడి కడతాడు అని కూర్చున్నారు. జేజి మాత్రం తెల్లవారకముందే నాయనను లేపింది. మా ఎద్దులు గజ్జెలతో వీధిలోకి వచ్చేసరికి జనం వేడుక చూడటానికి పోగయ్యారు. "నవ్విన నాపచేనే పండుతాదిలే, నవ్వండి" అని జేజి కాడికి పసుపు పూసింది. తర్వాత దుత్త తెచ్చి అందరి ముందు గుడ్డ విప్పింది.

పందొమ్మిది మొలిచాయి. తెల్లగా, వేలిగోరంత మొలకలు. ఒక్కటి పుచ్చిపోయింది, దానికి పురుగు కారణం.

"మూడు పొద్దులు వెన్నెట్లో పెట్టిన ఇత్తనాలప్పా ఇవి. సూసుకోండి" అని దుత్త చేతుల మీదుగా తిప్పింది. వెనకనుంచి నన్ను ముందుకు తోసింది. చంద్రుడి బొమ్మ చూడాలని ఊరివాళ్ళు అడుగుతున్నారని శెట్టి తాత పేపరు మడిచి గల్లాపెట్టె కింద భద్రంగా దాచి పెట్టాడు. దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేను ఆ నాలుగు వరుసలు చదివాను. గొంతు సవరించుకోలేదు. చదివి, "విత్తనం మాట పేపర్లో లేదు. ఉంటల కోసం నేనే కల్పించినాను" అన్నాను.

ఎవరో నవ్వారు. ఎవరో "ఓసి నీ" అని ఆపుకున్నారు. పెద్దమ్మ గుంపులో వెనక నిలబడి ఉంది. కూతురి చెయ్యి పట్టుకుని ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంది. ఆ తలుపు చప్పుడు నాకు ఊరంతా కలిసి తిట్టిన దానికంటే ఎక్కువగా వినిపించింది.

ఆ ఎండలో ఇంటింటికీ తిరిగాం. చాట నా చేతిలో ఉంది, జేజి వెనక ఉంది. ప్రతి గడపలో చెప్పాల్సిన మాట జేజి నేర్పించింది. "నేను అబద్ధం చదివినా. దాంతో ఎదురింటి పెద్దమ్మ ఇత్తనం పాయె. ఒక చాటెడు పెట్టండి." మొదటి గడపలో నేల చూస్తూ గొణిగాను. జేజి వెనకనుంచి "మళ్ళీ చెప్పు" అంది. మళ్ళీ చెప్పాను.

"ఏమే పంతులమ్మా, ఈ పొద్దు పేపర్లో ఏం పడింది?" అని ఎగతాళి చేసినవాళ్ళు ఉన్నారు. ఒకాయన చదువుకున్న పిల్లలకు అన్నం పెట్టకూడదని తీర్మానం చేసి లోపలికి పోయాడు. ఆయన భార్య పెరటి దారిన వచ్చి చాట నింపింది. తాను సగం ఒలుచుకుని సగం నష్టపోయిన ముసలామె ఒకతె, "నాది గూడా నువ్వు తినిపించినావు లే, తీసుకో" అని కొంగులోంచి దోసెడు పోసింది. సముద్రానికి దారి గీసిన పెద్దాయన రెండు చాటలు పెట్టాడు. శెట్టి తాతకు సేద్యం లేదు, విత్తనం లేదు. "బెల్లం అమ్ముకుంటి నేను, నాకూ పాపం ఉండాది" అని అంగడి మూసి, చాట నిండినప్పుడల్లా సంచిలో పోసి ఆ సంచిని తన భుజాన మోశాడు. ఆయన బరువు మోయగా చూడటం ఊరికి అదే మొదలు, అందుకే నవ్వులన్నీ నా మీది నుంచి ఆయన మీదికి పోయాయి. ఆ ఉపకారం ఆయన తెలిసే చేశాడేమో.

చివరికి మా ఇల్లు. జేజి రొంటిలోంచి తాళంచెవి తీసి, ఒక నిండు సంచి బయటికి లాగించింది.

"మనకే తక్కువ పడుతుంది మా. ఉత్తరం పక్క మూల బీడు పడుతుంది" అన్నాడు నాయన.

"పడనీ" అంది జేజి.

పొద్దు గూకేసరికి రెండు సంచులు, ఇంకొంచెం అయ్యాయి. పెద్దమ్మ తలుపు తీయలేదు. జేజి సంచులను ఆమె వసారాలో పెట్టించి, "ఇత్తనం ఉండాది, లోపల పెట్టుకోమ్మా, ఎలికలు తింటాయి" అని చెప్పి వచ్చేసింది. అప్పుడే తూర్పున కొండ మీద చంద్రుడు వచ్చాడు. నిజంగానే పెద్దవాడు. ముదురు బెల్లం రంగు. మా మిద్దె మీద నుంచి చూస్తుంటే ఊళ్ళో ఒక్కొక్క తలుపే తెరుచుకుంది, ఒక్కొక్కరే మిద్దెలెక్కారు. ఎవరో చిన్నపిల్ల చప్పట్లు కొట్టింది. ఎదురింటి వసారాలో సంచులు లేవు, లోపలికి పోయాయి.

రెండు వారాలకు వాన పడింది. కాయలు ఒలవడానికి ఆడవాళ్ళంతా ముందు పెద్దమ్మ ఇంట్లోనే కూర్చున్నారు. నేనూ పోయాను. ఆమె నా వైపు చూడలేదు. గోళ్ళు నొప్పి పుట్టేదాకా ఒలిచాను, ఒక్క గింజ నోట్లో వేసుకోలేదు. మా ఎద్దులతో విత్తనపు గొర్రు తోలేటప్పుడు, వెనక నడుస్తూ గొర్రు గొట్టంలో విత్తనం వదిలే పని పెద్దమ్మదే. రెండు సాళ్ళు తిరిగాక ఆమె ఆగి, నన్ను చేయెత్తి పిలిచింది. తన ఒడిలోని విత్తనాలు నా పావడలో పోసింది. ఇంత సందున ఒక గింజ అని వేళ్ళతో చూపించింది. ఆ పొలమంతా నేను ఆమె పక్కనే నడిచాను.

ఆ తర్వాత ఎనిమిది రోజులు, పొద్దున లేవగానే ముఖం కూడా కడగకుండా ఆ చేనికి పోయేదాన్ని. మట్టి తప్ప ఏమీ కనపడేది కాదు. తొమ్మిదో రోజు సాళ్ళ వెంబడి నేల పగిలి ఉంది. రెండేసి ఆకులు ముడుచుకుని పైకి వస్తున్నాయి. ఇరవై ముప్పై ఇళ్ళ విత్తనం కదా, అన్నీ ఒకే ఎత్తులో లేవు, ఒక సాలు ముందు, ఒక సాలు వెనక. నేను గట్టు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.

పెద్దమ్మ ఎప్పుడొచ్చిందో, నా వెనక నిలబడి ఉంది. పక్కన కూర్చుని చేను వైపే చూస్తూ మాట్లాడింది.

"నీ మింద శానా కోపం వచ్చింది బిడ్డా. ఇప్పుడు లేదులే. ఒకటి చెప్తా ఇను. ఆ నాలుగు దినాలు నా బిడ్డ అడిగిన ప్రతిసారీ లేదనకుండా పెట్టినా. అది పుట్టినప్పటి నుంచి అట్ల పెట్టింది ఆ నాలుగు దినాలే. ఎట్లాగూ పోతాండాం గదా, కడుపు నిండా తినిపోనీలే అనుకున్యా. నువ్వు చదివింది అబద్ధం అని తెలిసినాక, ఏడుపొచ్చింది ఇత్తనానికి కాదు. మళ్ళీ లేదని చెప్పల్ల గదా అని."

ఆమె లేచి, కొంగు దులుపుకుని, సాళ్ళ వెంబడి కాకులను తోలుకుంటూ పోయింది.

తర్వాత ఎన్నో చదివాను, ఎంతోమంది చేత చదివించాను. ఏ కాగితమైనా చివరి వరుస దాకా చదవందే కింద పెట్టవద్దని ప్రతి తరగతిలో చెప్పాను. కానీ ఆ వేసవిలో నేను నేర్చుకున్నది అది కాదు. ప్రళయం వస్తుందని నమ్మితే తప్ప బిడ్డకు నాలుగు ఉంటలు చేసి పెట్టుకోలేని ఇల్లు మా గడపకు ఎదురుగానే ఉందని, పుట్టినప్పటి నుంచి ఆ ఇంట్లోనే ఆడుకున్న నాకు ఆ రోజు దాకా తెలియలేదు.